ఏ గవ్వ ఎటు తిరిగిందో

నాకు చిన్నప్పటినుంచీ కుడి ఎడమలు చప్పున తట్టవు. ఎవరైనా "కుడిపక్కకు తిరుగు" అంటే ముందు మనసులోనే పలక మీద ఒక అక్షరం రాసుకుంటాను. ఏ చెయ్యి రాయడానికి కదులుతుందో అది కుడి. బడిలో కవాతు చేయించేటప్పుడు వరస మొత్తం ఒకవైపు తిరిగితే నేను రెండోవైపు తిరిగి పక్కపిల్ల ముఖంలో ముఖం పెట్టి నిలబడేదాన్ని. ఇప్పటికీ స్కూటీ మీద వెనక కూర్చున్నవాళ్ళు "ఎడమకి పోనీ" అంటే చెయ్యి చాపి చూపించమంటాను.

ఇటువంటి నేను తిరుపతిలో ఒక ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి కూర్చుని, ఇసుక రేణువంత గవ్వలు కుడికి తిరిగాయా ఎడమకి తిరిగాయా అని లెక్కపెట్టాను. అలాంటి పనికి ఎలా ఒప్పుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. ఒప్పుకున్న రోజున పని అదని నాకు తెలియదు.

మాది చిత్తూరు దగ్గర, కాణిపాకం పోయే దారిలో ఒక పల్లె. నాయనకు మామిడి తోట ఉంది. నేను భూగర్భశాస్త్రం చదివింది దాని మీద ప్రేమతో కాదు. డిగ్రీలో ఆ సీటు దొరికింది, చదివాను, మార్కులు వచ్చాయి, పీజీకి తిరుపతి వచ్చాను. రాళ్ళ గురించి పరిశోధన చేస్తాననుకున్నాను. మా మేడం మాత్రం నా చేతివేళ్ళు చూసి, "నీ చెయ్యి వణకదు. నీకు సముద్రం పని ఇస్తాను" అన్నారు. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది ఒకే ఒక్కసారి, కాలేజీ వాళ్ళు తీసుకుపోయినప్పుడు. కొండలు తప్ప మరేమీ కనబడని ఊళ్ళో కూర్చుని సముద్రం గురించి పరిశోధన ఏమిటో నాకు అర్థం కాలేదు. అడిగితే తెలివితక్కువగా ఉంటుందని తల ఊపాను.

తర్వాత తెలిసింది. బంగాళాఖాతం అడుగున ఉన్న బురదలోకి ఓడ మీదనుంచి పొడవాటి గొట్టం దింపి, ఆ బురదను కదలకుండా పైకి లాగుతారు. దాన్ని చెరుకుగడ ముక్కల్లాగా అడ్డంగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో సంచిలో వేసి నంబరు రాస్తారు. పై ముక్క ఈ మధ్యది, అడుగు ముక్క వేల ఏళ్ళ కిందటిది. అలాంటి సంచులు రెండు అట్టపెట్టెల నిండా మా మేడం దగ్గరికి వచ్చాయి. ఒక్కో సంచిలో బురదను నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెడలో పోసి కడిగితే బంకమన్ను పోయి చిటికెడు తెల్లని పొడి మిగులుతుంది. కంటికి అది రాతి ఉప్పు నలిపినట్టుంటుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే మాత్రం అదంతా గవ్వలే. బుడగల్లాంటి గదులు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ సుడి తిరిగిన గవ్వలు. వాటిని ఫొరామినిఫెరా అంటారు. అవి ఒకే కణం ఉన్న జీవులు. సముద్రం పైభాగంలో తేలుతూ బతికి, చచ్చాక వాటి గవ్వలు అడుగుకి చేరతాయి. బతికినప్పటి నీళ్ళు వెచ్చగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా, నదుల నీళ్ళు ఎక్కువ కలిశాయా అనే గుర్తులు ఆ గవ్వల్లో ఉండిపోతాయి. ఏ ముక్కలో ఏ రకం గవ్వలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆ కాలంలో వానలూ ఎండలూ ఎలా ఉండేవో కొంత ఊహించవచ్చు.

మేడం నాకు అప్పగించింది ఒక్క రకం గవ్వ. అది కుడికీ తిరుగుతుంది, ఎడమకీ తిరుగుతుంది. నీటి వేడిని బట్టి ఆ పాళ్ళు మారతాయని కొందరు అంటారు. వేడికీ దానికీ సంబంధం లేదు, అవి అసలు రెండు వేరువేరు జాతులు అని ఇంకొందరు అంటారు. మొదటి నెలలో నేను మేడం దగ్గరికి పోయి, ఇద్దరిలో ఎవరి మాట నిజమని అడిగాను. "నువ్వు లెక్కపెట్టు, అప్పుడు చూద్దాం" అన్నారు. అది జవాబో, జవాబు లేకపోవడమో ఇప్పటికీ నాకు తెలియదు.

పని చెప్పడానికి చిన్నదే. అతి సన్నని కుంచె కొనను నాలుకతో తడిపి, గవ్వను తాకిస్తే అంటుకుంటుంది. దాన్ని గళ్ళు గీసిన నల్లటి పళ్ళెంలో పెట్టి, సుడి ఉన్న వైపు పైకి వచ్చేలా పొర్లించాలి. బోర్లా ఉంటే కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. అందుకని ప్రతి గవ్వనూ పొర్లించి, సుడిని చూసి, కుడివాటి గళ్ళలోకో ఎడమవాటి గళ్ళలోకో జరపాలి. ఒకసారి తుమ్మితే పూటంతా చేసిన పని ఎగిరిపోయింది. ఫ్యాను వేసుకోకూడదు. మే నెలలో తిరుపతిలో ఫ్యాను లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కరలేదు.

గవ్వను చూసిన ప్రతిసారీ నా చూపుడువేలు బల్ల మీద గాలిలో అక్షరం రాసేది. కుడి. లేదా ఎడమ. అయినా నమ్మకం ఉండేది కాదు. తిరుచానూరులో నా గదికి పోయే ఆటోలో కూర్చుని, ఆ ఇరవయ్యో గడిలోది నిజంగా కుడేనా అని ఆలోచించేదాన్ని. మరునాడు పోయి తిరిగి చూసేదాన్ని. కుడే. అయినా మళ్ళీ సందేహం.

పైనుంచి కిందికి, సంచి తర్వాత సంచి సగం దాకా చేశాను. అన్నిట్లోనూ కుడి గవ్వలే ఎక్కువ. అప్పుడు నాకు కండ్లకలక వచ్చింది. తగ్గాక కూడా కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. డాక్టరు కొన్నాళ్ళు సూక్ష్మదర్శిని గొట్టంలో కళ్ళు పెట్టి చూడవద్దన్నాడు. సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి, గవ్వలు కంప్యూటరు తెర మీద కనబడే ఏర్పాటు మా గదిలో అంతకు ముందునుంచే ఉంది. నేను తెర మీద చూస్తూ పని మొదలుపెట్టాను. వెన్ను వంచక్కరలేదు, కళ్ళు నొప్పి పుట్టవు, హాయిగా ఉంది. కళ్ళు బాగయ్యాక కూడా ఎక్కువ తెర మీదే చూశాను. కరెంటు పోయి కంప్యూటరు ఆగినప్పుడు మాత్రం కిటికీ వెలుతురులో గొట్టంలోనుంచి చూసేదాన్ని.

సరిగ్గా ఆ సంచులనుంచే గవ్వలు మారిపోయాయి. ఒక్కసారిగా ఎడమవి ఎక్కువయ్యాయి. నాలుగైదు సంచుల వరకు నాదే పొరపాటని ఎవరికీ చెప్పలేదు. నా తల గురించి నాకు తెలుసు కదా. అక్షరం రాసి చూశాను, గడియారం చేతికి కట్టుకుని చూశాను, బల్ల మీద ఒకవైపు ఎర్ర స్టిక్కరు, ఇంకోవైపు పచ్చ స్టిక్కరు అంటించుకుని చూశాను. ఎన్నిసార్లు చూసినా ఎడమే. పదో సంచికి మేడంకి చెప్పక తప్పలేదు.

నా లెక్కలతో గీసిన గ్రాఫును ఆమె ముందు పెట్టాను. ఆమెది ఆలయ సేవలో ఉండిన కుటుంబం. మాటలో, నడకలో ఒక నిదానం ఉండేది. ఆ రోజు మొదటిసారి ఆమె కుర్చీలోనుంచి గబుక్కున లేవడం చూశాను. ఒకప్పుడు బంగాళాఖాతం ఉన్నట్టుండి మారిపోయిందనడానికి ఇది గుర్తు కావచ్చు, రుతుపవనాలు మారి ఉండవచ్చు అన్నారు. నేను అట్టడుగు సంచి దాకా ముగించాక, ఒక సదస్సుకి ఈ సంగతి ఒక పేజీ రాసి పంపించారు. అందులో నా పేరు ముందు పెట్టారు. నాకు సంతోషం కలగాలి. కలిగిందనే అనుకుంటాను. కానీ ఆ పేజీ చదువుతుంటే ఎవరో నా సంతకం పెట్టినట్టు అనిపించింది.

ఆ నెలలోనే నాయన తిరుపతి వచ్చాడు.

ఆయన వచ్చింది నన్ను చూడడానికి మాత్రమే కాదు. కొన్నేళ్ళుగా మా తోటలో పూత గాడి తప్పింది. ఒక కొమ్మకు పూత ఉంటే పక్క కొమ్మకు అప్పుడే చిగురు. మంచు కురవాల్సిన రోజుల్లో వాన. చుట్టుపక్కల కొందరు చెట్లు కొట్టేసి వేరే పంటలు పెడుతున్నారు. నాయన ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. వాతావరణం గురించి చదువుతున్న కూతురు ఉన్నప్పుడు ఆమెనే అడుగుదామని బస్సెక్కాడు. ఆ సంగతి వెంటనే చెప్పలేదు. ముందు నేను చేసే పని చూస్తానన్నాడు.

ల్యాబులో కుర్చీ మీద అంచున కూర్చున్నాడు. పళ్ళెంలో ఒక మంచి గవ్వను పెట్టి, గొట్టంలోనుంచి ఎలా చూడాలో చూపించాను. మొదట ఏమీ కనబడలేదన్నాడు. తర్వాత ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూసి, "అబ్బా" అన్నాడు మెల్లగా. అది ఎన్నేళ్ళ కిందటిదని అడిగాడు. చెప్పాను. నమ్మలేదని ముఖంలో కనిపించింది. కానీ కాదనలేదు. సులువుగా కనబడుతుందని తెర కూడా వెలిగించాను. ఆయన తెరను చూశాడు, గొట్టంలోకి చూశాడు, మళ్ళీ తెరను చూశాడు.

"ఇదేంది పాపా, ఈ గొట్టంలో కుడిపురి ఉండాది, టీవీలో ఎడమపురి ఉండాదే? రెండూ ఒగటేనా?"

నాయన కిత్తనారతో పగ్గాలు పేనేవాడు. నార ఎటు మెలితిరిగిందో దాన్ని పురి అంటారు. ఒక పోగు కుడిపురి, ఇంకోటి ఎడమపురి అయితే పగ్గం నిలవదు. అందుకని ఆయన కంటికి ముందు అదే కనబడింది. నేను నవ్వేసి, తెర మీద కొంచెం తేడాగా కనబడుతుందిలే నాయనా అన్నాను. ఎందుకు తేడాగా కనబడుతుందో నేను ఆలోచించలేదు. కుడి ఎడమలు తప్పుగా చూడడం మా ఇంట్లో నాకొక్కదానికే ఉందనుకున్నాను, ఆయనకూ ఉందేమో అని కూడా అనుకున్నాను.

క్యాంటీన్లో టిఫిను తింటున్నప్పుడు ఆయన అసలు సంగతి ఎత్తాడు. ఇడ్లీ తుంచి సాంబారులో ముంచి, అట్నే పట్టుకుని అడిగాడు.

"ఈ వానలు, మంచు మళ్ళీ మునుపటి మాదిరి అయితాయా, లేదా? అది సెప్పు. సెట్లు ఉంచేదా, కొట్టేసేదా?"

"అది నాకు తెలీదు నాయనా. ఈ గవ్వలు వెయ్యేండ్ల సంగతి చెప్తాయి గానీ, వచ్చే ఏడు సంగతి చెప్పవు."

ఆయన ఇడ్లీ ముక్కను ప్లేటులో పెట్టేశాడు. "ఎనకటి సంగతి తెలిసినోళ్ళకి ముందర సంగతి కొంచెమన్నా తెలిస్తాది గదా అనుకున్నా" అన్నాడు. కోపం లేదు. నిజంగానే అనుకుని వచ్చాడు. నేను ఇంకేదో చెప్పబోయాను. వేడెక్కడం, సముద్రం, గాలులు అని మొదలుపెట్టి, ఆ మాటల్లో మా తోట ఎక్కడ ఉందో నాకే తెలియక ఆపేశాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

ఆయన్ని చిత్తూరు బస్సు ఎక్కించడానికి బస్టాండుకి పోయాను. గుండు చేయించుకున్న యాత్రికుల గుంపులో నాయన తలపాగా కాసేపు కనిపించి మాయమైంది. బస్సు కదిలాక, ఎదురుగా ఒక అంబులెన్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని నిలబడింది. దాని ముందు ఆంగ్ల అక్షరాలు తిరగేసి రాసి ఉన్నాయి. ముందు పోయే బండి అద్దంలో సరిగ్గా కనబడాలని అలా రాస్తారని చిన్నప్పుడే తెలుసు. ఆ అక్షరాలను చూస్తూ నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో జరగమన్నారు. ఎటు జరగాలో తెలియలేదు.

మరునాడు పొద్దున్నే, ఇంకెవరూ రాకముందు ల్యాబు తీయించాను. ఒక చిన్న కాగితం ముక్క మీద సన్నని పెన్నుతో "కు" అని రాసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. గొట్టంలో "కు" అనే ఉంది. తెర మీద చూస్తే కొమ్ము రెండోవైపు తిరిగి ఉంది. అద్దంలో చూసినట్టు మొత్తం అక్షరం తిరగబడి ఉంది. కంప్యూటరులో బొమ్మను అలా తిప్పే చిన్న బొత్తాం ఒకటి ఉంటుంది. నాకన్నా ముందు ఎవరో తమ అవసరానికి నొక్కి, అలాగే వదిలేసి పోయారు. నేను ఒక్కసారి కూడా అటు చూడలేదు. తెర మీద కుంచె ఎదురువైపు కదిలినప్పుడు కూడా అది నా తికమకే అనుకున్నాను.

నన్ను నేను తిట్టుకోవాలో, ఊరట పడాలో తెలియలేదు. ఇన్నాళ్ళు నా తల తప్పు చెబుతుందని భయపడ్డాను. నా తల సరిగ్గానే చెప్పింది, యంత్రం తప్పు చెప్పింది. కానీ యంత్రాన్ని నమ్మింది నేనే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. తెర మీద చూసిన సంచుల లెక్కలన్నీ తిరగేస్తే సరిపోతుందనుకుందామంటే, కరెంటు పోయినప్పుడు కొన్ని గొట్టంలో చూశాను. ఏవి ఎందులో చూశానో పుస్తకంలో రాయలేదు. ఒకే సంచిలో సగం తెర మీద, సగం గొట్టంలో చూసినవీ ఉండవచ్చు. కరెంటు ఎప్పుడెప్పుడు పోయిందో గుర్తు తెచ్చుకోవడానికి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వాన పడిన రోజు ఒకటి గుర్తొచ్చింది. ఇంకేమీ గుర్తు రాలేదు.

మేడం వచ్చాక కాగితం ముక్కను చూపించాను. ఆమె గొట్టంలో చూశారు, తెర మీద చూశారు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నన్ను అరుస్తారని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"నిన్నేమీ అననమ్మా," అన్నారు. "ఆ గ్రాఫు చూసి సంతోషపడింది నేను. నీకు సందేహం ఉండింది. నీ ముఖంలో కనిపిస్తానే ఉండింది. నేను అడగలేదు."

సదస్సు వాళ్ళకి ఆ పేజీ వెనక్కి తీసుకుంటున్నామని ఆమే రాశారు. తప్పు తనదని రాశారు. ఆ మాట కొట్టేయమని నేను బతిమాలాను, వినలేదు. ఎవరి తప్పు ఎంతో మా ఇద్దరికీ లెక్క తేలలేదు. కెమెరా ఊడదీసి బీరువాలో పెట్టించారు.

లెక్క మళ్ళీ మొదలుపెట్టాను. సగం కింద ఉన్న ప్రతి సంచీ, ప్రతి గవ్వా. ఏడాది పైనే పట్టింది. ఈసారి ప్రతి పేజీ పైన "గొట్టం" అని రాసుకున్నాను, వేరే దారి లేదని తెలిసినా రాసుకున్నాను. పెద్ద మార్పు అనుకున్నది కరిగిపోయింది. కుడి గవ్వలే ఎక్కువ, పైనుంచి కిందిదాకా. బంగాళాఖాతం ఏమీ మారలేదు, నేను కూర్చునే తీరు మారింది, అంతే.

అట్టడుగుకి దగ్గరగా వచ్చాక మాత్రం నాలుగు సంచుల్లో నిజంగానే ఎడమవి ఎక్కువ కనిపించాయి. పాత పుస్తకం తీసి చూస్తే, ఆ నాలుగింటినీ పై సగంలోవాటిలాగే మామూలువని రాసి ఉన్నాను. తిరగేసిన బొమ్మలో ఎడమవి కుడిగా కనబడి, చూడడానికి ఏమీ లేనట్టు దాటిపోయాను. అబద్ధాన్ని పెద్ద వార్త అనుకున్నాను, నిజంగా ఉన్నదాన్ని ఏమీ లేదనుకున్నాను. ఆ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ పూర్తిగా రాలేదు.

ఈసారి మేడం కుర్చీలోనుంచి లేవలేదు. తానే కూర్చుని ఆ నాలుగు సంచులనూ లెక్కపెట్టారు. నా లెక్కే వచ్చింది. ఆ గవ్వల్లో కొన్నింటిని వేరే ఊళ్ళో ఒక ప్రయోగశాలకి పంపాం. గవ్వలోని ఆక్సిజన్‌లో బరువైనది ఎంత, తేలికైనది ఎంత అని అక్కడ కొలుస్తారు. నెలల తరబడి ఎదురుచూశాక ఫలితాలు వచ్చాయి. తేడా ఉంది. అయితే నీళ్ళు వెచ్చబడినా అలాంటి తేడా వస్తుంది, వానలు ఎక్కువై నదుల మంచినీళ్ళు ఎక్కువగా కలిసినా అలాంటి తేడానే వస్తుంది. ఏది జరిగిందో, రెండూ జరిగాయో చెప్పాలంటే ఇంకో రకం కొలత కావాలి. దానికి సరిపడా గవ్వలు మా దగ్గర మిగలలేదు. కడిగి, ఏరి, కొలిచి, మేమే వాటిని ఖర్చు చేసేశాం.

సిద్ధాంత గ్రంథంలో అదంతా ఉన్నది ఉన్నట్టు రాశాను. తిరగబడిన బొమ్మ గురించి ఒక అధ్యాయంలో పూర్తిగా రాశాను. మౌఖిక పరీక్షకి వచ్చిన పెద్దాయన ఆ అధ్యాయం దగ్గరే ఎక్కువసేపు ఆగారు. చివరికి, ఆ నాలుగు సంచుల కాలంలో ఏం జరిగిందని మీ అభిప్రాయం అని అడిగారు. తెలియదండీ అన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని చూసి, ఆయన కాగితాలు మూసి సంతకం పెట్టారు. అది మెప్పుతో పెట్టిందో, జాలితో పెట్టిందో అడిగే ధైర్యం లేకపోయింది. బయటికి వచ్చాక మేడం నా భుజం మీద చెయ్యి వేశారు.

ఆ వారం ఊరికి పోయాను. నాయన తోటలో ఉన్నాడు. నేను లేనప్పుడే రోడ్డు వైపు రెండు వరసలు కొట్టించేశాడు. మొదళ్ళు ఇంకా పచ్చిగా ఉన్నాయి. మిగిలిన చెట్లు అలాగే ఉన్నాయి. ఎందుకు రెండే వరసలు అని అడిగితే, తనకూ తెలియదని, మూడో వరస దగ్గరికి వచ్చేసరికి మనసు ఒప్పక గొడ్డళ్ళు ఆపించానని చెప్పాడు. నా చదువు అయిపోయిందా అన్నాడు. అయిపోయిందన్నాను. ఏం తేలింది అన్నాడు. నాలుగు సంచుల సంగతి చెప్పాను. ఆయన ఒక మొద్దు మీద కూర్చుని మొత్తం విన్నాడు.

"అయితే అప్పుడు వానలు జాస్తిగా పడినాయా?"

"పడిండచ్చు నాయనా. లేదంటే నీళ్ళు వెచ్చబడిండచ్చు. రెండిట్లో ఏదని చెప్పలేకపోయినా."

"అప్పుడుండినోళ్ళకీ తెలిసిండదులే," అన్నాడు. తర్వాత, ఆ గవ్వలు లెక్కపెట్టినదానికి ఉద్యోగం ఇస్తారా అని అడిగాడు.

ఇచ్చారు. ఇప్పుడు చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. వాతావరణ మార్పు పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లల్లో ఎవరో ఒకరు లేచి, ఈసారి మా తోటలో పూత ఎప్పుడొస్తుంది మేడం అని అడుగుతారు. చిత్తూరు పిల్లలు కదా, సగం మందికి ఇంటి దగ్గర మామిడి ఉంటుంది. తెలిసినంత చెబుతాను. తెలియనిది ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ గీత ఎక్కడ గీయాలో నాకే సరిగ్గా తెలియక, కొన్నిసార్లు గంట కొట్టేదాకా చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడతాను. మూడో వరస చెట్లు పోయిన ఏడు ఆలస్యంగా పూశాయి. నాయన వాటిని ఇంకా కొట్టించలేదు.